ప్రయోగ సార్వభౌముడు

జనపదకోశంలోంచి ‘ఉక్కపోత’ అనే మాటను తీసేసిన రోజు మధ్యాహ్నం బందరులో కరెంటు పోయింది. ఆఫీసులో అందరూ ఫైళ్ళ అట్టలతో విసురుకుంటున్నారు. ప్రమాణాల అధికారి శేషశాయి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అయినా ఆయన చలించలేదు. లాప్‌టాప్‌లో మిగిలిన కాస్త ఛార్జింగుతోనే పని పూర్తిచేసి, పక్క బల్ల వైపు తిరిగాడు.

“ఉక్కపోతకి ఆధారం దొరకలేదు మేడమ్. తొలగించేశాను,” అన్నాడు, మెడ మీద చెమట తుడుచుకుంటూ.

“ఆధారం మీ వీపు మీదే ఉంది కదండీ,” అంది మరియకుమారి.

“అచ్చులో ఉండాలండి,” అన్నాడు శేషశాయి.

ఆయన హాస్యమాడే మనిషి కాదు. ఆ మాట అని, తరవాతి మాటను తీసేయడానికి ముందుకు వంగాడు.

మరియకుమారి ఆ సంస్థలో ప్రయోగ సంపాదకురాలు. అంతకుముందు చాలా ఏళ్ళు ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దింది. తప్పులు దిద్దడానికి మనుషులు అక్కర్లేదని ఆ పత్రికవారు నిర్ణయించుకున్నాక, తప్పులతోపాటు ఆమెనూ వదిలేశారు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ఈ జనపదకోశాన్ని మొదలుపెట్టింది. ఇంటర్నెట్‌లో ఉండే నిఘంటువు ఇది. వికీ పద్ధతి. ఎవరైనా సరే తమకు తెలిసిన మాటను, దాని అర్థాన్ని అందులో చేర్చవచ్చు. ఆ మాట వాడుకలో ఎలా ఉంటుందో చూపించే ఒక వాక్యాన్ని ఎంచి కింద పెట్టడం మరియకుమారి పని.

ఆ పని ఆమెకు ప్రాణం. అర్థం చదివితే మాట పేరు మాత్రమే తెలుస్తుందని, వాక్యంలో చూస్తేనే దాని నడక తెలుస్తుందని ఆమె అనుకునేది. మొదట్లో మాట పంపినవాళ్ళే వాక్యాలు కూడా రాసి పంపేవారు. అందరికంటే ఎక్కువ పంపింది పరాసుపేటలో మెస్సు నడిపే బత్తుల నాంచారమ్మ. కాలేజీలో చదివే రోజుల్లో మరియకుమారి ఆ మెస్సులోనే తిన్నది. అరవై దాటాక నాంచారమ్మ కొత్త ఫోను కొనుక్కుని, దానికి నోటితో చెప్తే అదే రాసుకుంటుందని తెలుసుకుని, వంట చేస్తూనే మాటలు పంపడం మొదలుపెట్టింది.

‘అడుగంటు: పాలు పొయ్యి మీద పెట్టి ఫోను చూసుకుంటా కూచుంటే అడుగంటక ఏమవుద్ది?’

‘మారు: పిల్లాడు మారు అడగలేదంటే ఇంటి మీద బెంగన్నా ఉండాలి, నా కూరలో ఉప్పన్నా ఎక్కువై ఉండాలి.’

ఈ వాక్యాలు చదవడానికే చాలామంది ఆ నిఘంటువు తెరిచేవారు. అలా హాయిగా సాగుతుండగా సంస్థకు అధ్యక్షుడు వచ్చాడు.

అధ్యక్షులు చెరుకుమిల్లి విశ్వపతి గారు మత్స్యశాఖలో ఉన్నతోద్యోగం చేసి విరమించినవారు. ప్రభుత్వంలో ఎవరో ఆయనకు ఏదో ఒకటి ఇవ్వాలనుకున్నారు. ఖాళీగా ఉన్నది భాష ఒక్కటే. దాన్ని ఇచ్చారు. ఆయన వచ్చిన రోజే తెర మీద ‘మారు’ చూసి కళ్ళజోడు సవరించుకున్నారు.

“ఈ వాక్యం ఎవరిది?”

“నాంచారమ్మ గారిదండి,” అంది మరియకుమారి.

“ఆవిడ ఏం రచించారు?”

“రచించలేదండి. మెస్సు నడుపుతారు.”

“మరి ప్రమాణం ఏమిటి?”

“తెలుగు మాట్లాడతారండి.”

“అది ప్రమాణం కాదు. అది అలవాటు,” అన్నారు విశ్వపతి గారు. “భాష కూడా జలసంపద లాంటిదేనమ్మా. ఏ చెరువులో ఏ చేప ఉందో రికార్డు ఉండాలి. రికార్డులో లేని చేప, చేప కాదు.”

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ‘ఇందుమూలముగా సమస్త విభాగముల వారికి తెలియజేయడమేమనగా, పదమునకు ఉదాహరణ వాక్యమును ముద్రిత మూలమునుండి మాత్రమే గైకొనవలయును. అట్టి వాక్యము లభ్యము కాని యెడల సదరు పదము భాషలో లేనట్లు పరిగణించబడును.’

ఉత్తర్వును అమలు చేసే భారం శేషశాయి మీద పడింది. ఆయన దాన్ని భారమనుకోలేదు. ఉదాహరణ వాక్యాల కోసం రాత్రింబవళ్ళు కూర్చుని ఒక నమూనా తయారుచేశాడు. మొదట సంవత్సరం, లావుపాటి ముద్దక్షరాల్లో. తరవాత రచయిత పేరు, బిరుదు. ఆ తరవాత పుస్తకం పేరు, ప్రచురించిన ఊరు, పేజీ. అప్పుడు వాక్యం. అందులో అసలు మాట మళ్ళీ ముద్దక్షరాల్లో. ఫుల్‌స్టాపు కొటేషను గుర్తుకు లోపల ఉండాలి. వీటిలో ఏది ఖాళీగా ఉన్నా చుట్టూ ఎర్ర గీత వచ్చి, కంప్యూటరు ముందుకు కదలదు.

మరియకుమారి ఒక పాత వ్యాసకర్త వాక్యాన్ని ఎక్కించబోతే బిరుదు దగ్గర ఎర్ర గీత పడింది.

“ఈయనకి బిరుదేం లేదండీ,” అంది.

“గొప్ప రచయితైతే ఎవరో ఒకరు ఇచ్చేవారు కదండీ,” అన్నాడు శేషశాయి.

“వద్దన్నారేమో!”

“వద్దన్నట్టు అచ్చులో ఉందా?”

ఆ వారంలోనే ఉక్కపోత పోయింది. అడుగంటు పోయింది. నాంచారమ్మ మాటలన్నీ వరసపెట్టి పోయాయి. ఒకరోజు ఆవిడ దగ్గర్నించి ఫోనొచ్చింది. వెనక పోపు చిటపటలు వినిపిస్తున్నాయి.

“మేరీ, నా మాటలొక్కటీ కనపట్టంలేదేంటే? ఎక్కడ పడితే అక్కడ నొక్కేశానా ఏంటి?”

“మీరు నొక్కలేదు పిన్నీ. పైవాళ్ళు నొక్కారు. అచ్చులో ఉంటేనే మాటంట.”

“అచ్చులోనా! మరి నేను పొద్దున్నించీ మాట్టాడేదేంటి?”

“అది ఇంకా తేలలేదు పిన్నీ,” అంది మరియకుమారి. అవతల నాంచారమ్మ పడీ పడీ నవ్వింది. మరియకుమారికి నవ్వు రాలేదు.

ఉత్తర్వు ధాటికి తట్టుకుని నిలిచిన మాటల్లో ‘దోమ’ ఒకటి. దానికి ఎప్పటిదో ఒక సావనీరులో బిరుదున్న కవి రాసిన వాక్యం దొరికింది: ‘మా ఊళ్ళో సాయంత్రమైతే దోమలు మనిషిని మంచంతో సహా ఎత్తుకుపోతాయి.’ సంవత్సరం, పేజీ, ఫుల్‌స్టాపు, అన్నీ కుదిరాయి. శేషశాయి ఆ వాక్యాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడు. కానీ ఆ కవి ఊరి పురపాలక సంఘం వారు దాన్ని చూసి ఘాటుగా ఉత్తరం రాశారు. తమ ఆరోగ్య విభాగం మనోభావాలు దెబ్బతిన్నాయన్నారు.

విశ్వపతి గారు వెంటనే మనోభావ పరిరక్షణ ఉపసంఘాన్ని వేశారు. అందులో ఒక విశ్రాంత తహసీల్దారు, ఒక కల్యాణమండపం యజమాని, ఒక యోగా గురువు. వారు బిస్కట్లు తింటూ రెండు పూటలు చర్చించారు.

“దోమని తీసేస్తే సరిపోతుంది కదండీ,” అన్నాడు కల్యాణమండపం యజమాని.

“తొలగింపు సమంజసం కాదు,” అన్నాడు తహసీల్దారు. “పదమును యథాతథముగా కొనసాగించుచు, అది కుట్టకుండునట్లు తగు చర్యలు గైకొనవలెను.”

తీర్మానం ప్రకారం, అవాంఛనీయమైన వస్తువులను ఇకమీదట అవి లేనట్లుగా మాత్రమే ఉదాహరించాలి. కావలసిన వాక్యాల మచ్చులు కూడా ఉపసంఘమే ఇచ్చింది. దోమ: ‘మా పట్టణమున దోమ లేదు.’ గొయ్యి: ‘రహదారిపై గొయ్యి కానరాలేదు.’ ఆకలి: ‘ఆకలి యననేమో యెరుగము.’ లంచం: ‘లంచము నెవ్వరును కోరలేదు.’ చివర్న, అబద్ధం: ‘ఇందులో అబద్ధము లేదు.’

ఈ మచ్చులు బయటికి పొక్కాక గుడివాడ వైపు ఒక హెడ్మాస్టరు ఉత్తరం రాశాడు. పరీక్షలో ‘దోమ అనగానేమి?’ అని అడిగితే ఐదో తరగతి పిల్లలు ‘మా పట్టణములో లేనిది’ అని రాశారట. మార్కులు వెయ్యాలో వద్దో సెలవివ్వమన్నాడు. విశ్వపతి గారు దాన్ని ప్రశంసాపత్రంగా భావించి పటం కట్టించారు.

అయితే చిక్కు ఇప్పుడొచ్చింది. ఉపసంఘం కోరిన వాక్యాలు ఏ పుస్తకంలోనూ లేవు. రచయితలన్నవాళ్ళు తరతరాలుగా దోమ ఉందనే రాశారు, ఆకలేసిందనే రాశారు. పుస్తకంలో ఉన్న వాక్యాన్ని ఉపసంఘం ఒప్పుకోదు. ఉపసంఘం ఒప్పుకున్న వాక్యానికి పేజీ లేదని శేషశాయి ఒప్పుకోడు. కొన్ని వారాలపాటు ఒక్క మాట కూడా కోశంలోకి ఎక్కలేదు. రెండు నిబంధనలూ ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని చస్తాయని మరియకుమారి మనసులో ఆశపడింది. చచ్చాక మళ్ళీ పిన్ని మాటలు పెట్టుకోవచ్చు.

కానీ విశ్వపతి గారు మత్స్యశాఖలో ఊరికే పనిచెయ్యలేదు.

“చెరువులో చేప లేకపోతే ఏం చేస్తాం?” అని అడిగారు సమీక్షా సమావేశంలో. “పిల్లల్ని వదులుతాం! అదే సూత్రం. నేను రోజూ ఏదో ఒక సభలో ప్రసంగిస్తూనే ఉన్నాను కదా. కావలసిన పదాలు నా ప్రసంగంలో వదులుతాను. మన మాసపత్రిక ‘కోశవాణి’లో ప్రసంగం అచ్చవుతుంది. అచ్చయింది కాబట్టి ఆధారం. ఆధారం ఉంది కాబట్టి పదం. ఏమంటారు శేషశాయి?”

శేషశాయి ఆలోచించాడు. “పేజీ నంబరు ఉంటుందాండీ?”

“రెండు వైపులా వేయిద్దాం.”

“మరి బిరుదు…”

ఆ లోపం కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. టౌన్‌హాల్లో ఒక సాయంత్రం సభ జరిగింది. సంస్థ తరఫున విశ్వపతి గారికి ‘ప్రయోగ సార్వభౌమ’ బిరుదు ప్రదానం చేశారు. ప్రదానం చేసింది సంస్థ అధ్యక్షులే కాబట్టి, శాలువా ఆయనే అందుకుని ఆయనే కప్పుకున్నారు. మర్నాడు ఎర్ర గీత పోయింది.

ఇక మరియకుమారి పని మారింది. వాక్యాలు ఎంచడం పోయి, ప్రతి సభకూ ముందు ఆనాటి ప్రసంగంలో వదలాల్సిన మాటలు చీటీ రాసి అధ్యక్షుల వారి జేబులో పెట్టడమే పనైంది. ఒక బాలికల పాఠశాల వార్షికోత్సవంలో క-కారం నడిచింది.

“సభాసరస్వతికి నమస్కారము,” అని మొదలుపెట్టారు విశ్వపతి గారు. “కంచమునందు కందిపప్పు వడ్డింపబడినది. కత్తెర పదునుగా నున్నది. కప్ప కానరాలేదు. కరువు అనునది వినియుండలేదు. కుర్చీ కలదు.”

జనం చప్పట్లు కొట్టారు. ఇంతకుముందు ఆ వేదిక మీద మాట్లాడిన పెద్దలకూ ఈయనకూ ఎవరికీ తేడా కనిపించలేదు. ఒక టీచరమ్మ అయితే “ఈయన కనీసం చిన్న చిన్న మాటల్లో చెప్పారండీ,” అని మరియకుమారితో అంది.

గ-కారం ఒక పెళ్ళిలో వచ్చింది. అక్షింతలు వేసి మైకు పట్టుకుని, “వధూవరులారా! మీకు గజ్జి లేదు. గొడవ లేదు. గేదె కలదు,” అని ఆశీర్వదించారు. పెళ్ళికొడుకు తండ్రి భోజనాల దగ్గర వియ్యంకుణ్ణి పక్కకు పిలిచి, “గేదె సంగతి మాతో అనలేదేంటి బావగారూ?” అని అడిగాడట. రెండు వైపులవాళ్ళూ మాటామాటా అనుకుని, ఉపసంఘంలోని కల్యాణమండపం యజమానే మధ్యలో దూరి సర్దిచెప్పాల్సి వచ్చింది.

కోశం మాత్రం బ్రహ్మాండంగా పెరుగుతోంది. ఏ మాట నొక్కినా కింద ప్రయోగ సార్వభౌమ చెరుకుమిల్లి విశ్వపతి గారే. ముద్దక్షరాల్లో సంవత్సరం. లోపల ఫుల్‌స్టాపు. త్వరలో మంత్రిగారు వచ్చి దాన్ని జాతికి అంకితం చేస్తారని కబురొచ్చింది. ఆ లోపు హల్లుల్లో సగమైనా పూర్తికావాలని విశ్వపతి గారు పట్టుబట్టారు. మరియకుమారి చీటీలు రాస్తూనే ఉంది. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు అనుకునేది. రాసిన ప్రతిసారీ చెయ్యి కడుక్కోవాలనిపించేది.

చ-కారం మొదలైన వారంలో నాంచారమ్మ పోయింది. పొద్దున్నే పిల్లలకు టిఫిను పెట్టి, కాస్త గుండెల్లో పట్టేసినట్టుందని గోడకానుకుని కూర్చున్నావిడ మళ్ళీ లేవలేదు. మరియకుమారి వెళ్ళేసరికి మెస్సులో తినే పిల్లలు వీధి పొడుగునా నిలబడి ఉన్నారు. నాంచారమ్మ కూతురు కోటేశ్వరి ఆర్టీసీలో కండక్టరు. ఖాకీ చొక్కాతోనే బండి మీద ఎవరో తీసుకొచ్చి దింపారు. మరియకుమారిని చూసి ఏడవలేదు. “అక్కా, మొన్నటిదాకా నీ నిఘంటువులో తన మాటలు వెతుక్కునేది. తెస్తారు, మళ్ళీ తెస్తారు అనేది,” అంది. మరియకుమారి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

జనపదకోశానికి అందరికంటే ఎక్కువ మాటలు పంపిన వ్యక్తి కాబట్టి సంస్థ సంతాపసభ పెట్టాలని పైనుంచి సూచన వచ్చింది. సభ తేదీ తెలియగానే మరియకుమారి శేషశాయి దగ్గరికి వెళ్ళింది.

“ఈ ఒక్కసారికి మాటలు వద్దండీ. సంతాపసభ. దయచేసి.”

“చ-కారం మిగిలిపోయింది మేడమ్,” అన్నాడు శేషశాయి. ఆయన గొంతులో కఠినత్వం లేదు. వర్షం పడుతోందని చెప్పినట్టు చెప్పాడు. “ఆ తేదీ దాటితే మంత్రిగారు వచ్చేలోపు ఇంకో సభ లేదు.”

ఆమె చీటీ రాయనంది. శేషశాయే రాసుకున్నాడు. మరియకుమారి ఇంటికెళ్ళి, నాంచారమ్మ గురించి తనకు తెలిసినదంతా ఒక కాగితం మీద రాసింది. భర్త పోయాక రెండు గిన్నెలతో మెస్సు పెట్టడం, పరీక్షల రోజుల్లో పిల్లలను నిద్ర లేపడానికి తెల్లారకముందే టీ గిన్నె మీద గరిటెతో కొట్టడం, చెప్పకుండా మెస్సు మానేసిన పిల్లాణ్ణి గదికి వెళ్ళి వెతికి జ్వరమని తెలుసుకుని చారు పోసి రావడం. సభకు ముందు ఆ కాగితాన్ని విశ్వపతి గారి చేతికే ఇచ్చింది.

“చాలా మంచిదమ్మా,” అని ఆయన దాన్ని ఎడమ జేబులో పెట్టుకున్నారు. చీటీ కుడి జేబులో ఉంది.

టౌన్‌హాలు నిండింది. వేదిక మీద బల్ల, దాని మీద పూలదండతో నాంచారమ్మ ఫోటో. ముందు వరసలో కోటేశ్వరి. వెనకంతా మెస్సులో తిన్నవాళ్ళు, ఇప్పుడు తింటున్నవాళ్ళు. విశ్వపతి గారు మైకు ముందుకొచ్చి కుడి జేబులో చెయ్యి పెట్టారు.

“నాంచారమ్మ గారు చనిపోయినారు,” అన్నారు.

మొదటి మాట అయిపోయింది. శేషశాయి టిక్కు పెట్టుకున్నాడు.

“చలి తగ్గినది. చపాతీ గుండ్రముగా నుండును. చాప పరచియున్నది. చిరుతపులి కానరాలేదు. చీమలు బారులు తీరినవి. చుట్టము రాలేదు. చెప్పు తెగలేదు. చేటయందు బియ్యము కలవు.”

మొదట జనం ఇది ఏదో ఉపమానమనుకున్నారు. చేట దగ్గరికి వచ్చేసరికి, బియ్యం నుంచి నాంచారమ్మ దగ్గరికి వస్తారని కొంతమంది ముందుకు వంగారు. ఆయన ‘చొక్కా’ అనే మాట దగ్గరికి వెళ్ళారు. కోటేశ్వరి అమ్మ ఫోటో వైపే చూస్తూ కూర్చుంది. “చోద్యము. చౌక,” అని ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు లేచి నిలబడింది. బస్సులో చిట్టచివరి సీటుదాకా వినిపించే గొంతు ఆమెది.

“ఏవండీ, ఇంతకీ మా అమ్మ గురించి ఏమైనా చెప్తారా?”

విశ్వపతి గారు చీటీ వెనక్కి తిప్పి చూశారు. తరవాత శేషశాయి వైపు వంగి, లోగొంతుకతో అడిగారు.

“అమ్మ అ-కారం కదూ? అ-కారం అయిపోలేదూ?”

“అయిపోయిందండి,” అన్నాడు శేషశాయి.

లోగొంతుకే గాని మైకు ముందు అడిగారు. హాల్లో అందరికీ వినిపించింది.

కోటేశ్వరి వేదిక ఎక్కింది. దండతో సహా ఫోటో చేతుల్లోకి తీసుకుని, పూరేకులు రాలుతుంటే మెట్లు దిగి బయటికి నడిచింది. ఆమె వెనక పిల్లలు లేచారు, వాళ్ళ వెనక మిగతావాళ్ళు. మరియకుమారి కూడా లేచింది. సంస్థ సిబ్బంది వరసలోంచి లేచింది ఆమె ఒక్కతే.

మర్నాడు జిల్లా పత్రికలో లోపలి పేజీలో, ఖాళీ కుర్చీల ఫోటో పైన పెద్ద అక్షరాల్లో కోటేశ్వరి అడిగిన ప్రశ్నే శీర్షికగా పడింది. మరియకుమారి ఆఫీసులో ఆ పేజీని ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. అచ్చు. పేజీ నంబరు. తేదీ. ఊరు. కోశంలో ‘ఇంతకీ’ అనే మాట తెరిచింది. అక్కడ ‘ఇంతకీ ఏమియు జరుగలేదు’ అన్న ప్రయోగ సార్వభౌముల వాక్యం ఉంది. దాని కింద రెండో ఉదాహరణగా కోటేశ్వరి వాక్యాన్ని ఎక్కించింది. బిరుదు దగ్గర ఎర్ర గీత పడింది. ఆమె ‘కండక్టరు గారు’ అని రాసింది. గీత పోయింది.

సాయంత్రానికి ఊరంతా ఫోన్లలో ‘ఇంతకీ’ చూస్తోంది. కోశం మొదలుపెట్టాక ఏ మాటనూ అంతమంది చూడలేదు. విశ్వపతి గారు అత్యవసర సమావేశం పిలిచారు. ముఖం ఎర్రగా ఉంది.

“తక్షణం తీసేయండి,” అన్నారు.

శేషశాయి వాక్యాన్ని తెర మీద పెద్దది చేసి పైనుంచి కిందిదాకా చదివాడు. “ముద్రిత మూలమేనండి. సంవత్సరం ముద్దక్షరాల్లో ఉంది. పేజీ ఉంది. ఏ కారణం కింద తీసేయమంటారు?”

“కండక్టరు బిరుదు ఎలా అవుతుందయ్యా?”

“జనం పిలిచే గౌరవనామం బిరుదు అని మన నమూనాలోనే ఉందండి. బస్సెక్కిన వాళ్ళందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు,” అన్నాడు శేషశాయి. తెర వైపే చూస్తూ, “తమరి బిరుదు సభకి వచ్చినవాళ్ళ కంటే ఎక్కువమందేనండి,” అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. లెక్క చెప్పాడంతే.

“మనోభావాలు! మనోభావాల కింద తీసేయండి.”

తహసీల్దారు గొంతు సవరించుకున్నాడు. “మార్గము కలదు. మనోభావము దెబ్బతిన్న వ్యక్తి లిఖితపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. ‘సదరు వాక్యమునందు ప్రస్తావింపబడిన, ఏమియు చెప్పజాలని వ్యక్తిని నేనే’ అని ధ్రువీకరించి, తేదీ వేసి సంతకము చేసినచో, ఫిర్యాదును కోశవాణిలో ముద్రించి, పదిహేను దినములలో తొలగించెదము.”

“ముద్రించాలా?” అన్నారు విశ్వపతి గారు.

“ఆధారము ఉండవలెను గదా,” అన్నాడు తహసీల్దారు.

విశ్వపతి గారు కలం తీశారు. మూత తీశారు. తహసీల్దారు రాసిచ్చిన వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నారు. మూత పెట్టేశారు.

వాక్యం ఉండిపోయింది. మరియకుమారి ఉండలేదు. ఆమె ఒప్పందాన్ని పొడిగించకపోవడానికి కారణం ఉత్తర్వులోనే రాశారు: ‘ప్రయోగ సంపాదకురాలు అను పదమునకు ముద్రిత మూలములయందు ప్రయోగము లభ్యము కానందున, సదరు పదవి లేనట్లు పరిగణించడమైనది.’ మంత్రిగారి అంకితోత్సవం కూడా వాయిదా పడింది. ‘ఇంతకీ’ ఏం మాటో చూపించమని మంత్రిగారు వేదిక మీద అడిగితే ఏంచెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు.

ఉత్తర్వు కాగితం శేషశాయే తెచ్చి ఇచ్చాడు. ఆమె బల్ల సర్దుకుంటుంటే వెళ్ళకుండా నిలబడ్డాడు.

“మేడమ్, మీ చివరి నమోదులో ఒక తప్పుంది.”

ఇన్నాళ్ళకు ఏదో పట్టుకున్నాడనుకుంది మరియకుమారి. “ఏంటండీ?”

“పత్రికలో ప్రశ్నార్థకాలు రెండు పడ్డాయి. మీరు ఒకటే పెట్టారు. మూలంలో ఎలా ఉంటే అలాగే ఉండాలండి. రెండోది నేను పెట్టి, ప్రమాణీకరించి, తాళం వేసేశాను. తాళం వేసిన వాక్యాన్ని ఇక అధ్యక్షుల వారైనా సరే ముట్టుకోవడానికి లేదు.”

“ఆయన మీ మీద విరుచుకుపడితే?”

“ఫార్మాటు సరిగ్గా ఉందని చెప్తానండి,” అన్నాడు శేషశాయి, ఇంకేం చెప్తారు ఎవరైనా అన్నట్టు చూసి.

ఆమె సంచీ తీసుకుని కోనేరు సెంటర్లో బస్సెక్కింది. అది కోటేశ్వరి డ్యూటీ బస్సని తెలిసే ఎక్కింది. జనం పెద్దగా లేరు. కోటేశ్వరి టిక్కెట్లు ఇవ్వడం పూర్తిచేసి వచ్చి పక్కన కూర్చుని, సంచీ వైపు చూసింది.

“ఉద్యోగం పోయిందా అక్కా?”

“పోయింది. అసలు లేదంట ఎప్పుడూ.”

మరియకుమారి జరిగినదంతా చెప్పింది. కలం మూత సంగతి చెప్పినప్పుడు కోటేశ్వరి పళ్ళు కొరికింది. శేషశాయి రెండో ప్రశ్నార్థకం పెట్టి తాళం వేశాడని చెప్పేసరికి కొంతసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తరవాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని మరియకుమారి కంగారుపడింది. కోటేశ్వరి నవ్వుతోంది.

“రెండేనా! మా అమ్మైతే మూడు పెట్టుద్ది,” అంది, టిక్కెట్టు ఆమె చేతిలో పెడుతూ.